ఒకే పేరు, వేరే బరువు

ఆ వేసవిలో మొదటి దెబ్బ మా వంటగదిలోనే పడింది. కొట్టింది మా బావగారు తులిమాక్. తిన్నది ఆయన తమ్ముడు ఉలాయుక్, అంటే మా ఆయన. నేను నేల మీద అట్టపెట్టె పరుచుకుని సీలు మాంసం కోస్తున్నాను. కడుపులో ఆరో నెల.

"పక్కటెముకలు ఎవరికిచ్చావురా?" అన్నాడు బావగారు గుమ్మంలోంచే.

"నుటారాక్ తాతకిచ్చానన్నా. ముసలాయన, వేటకెళ్ళలేడు కదా."

"నన్నడిగావా?"

అడగలేదని చెప్పేలోపే దెబ్బ పడింది. మా ఆయన పొయ్యికి కొట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. పన్నొకటి ఎగిరి మాంసంలో పడింది. నేను దాన్ని ఏరి పక్కన పెట్టాను. పులుసులో వస్తే పిల్ల సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది.

బావగారు మిగిలిన మాంసంలో మంచి ముక్క చూసుకుని పట్టుకెళ్ళాడు. తలుపు మాత్రం మర్యాదగా వేసి వెళ్ళాడు. ఆయన ఎప్పుడూ అంతే.

"ఒక్కసారి తిరిగి కొడితే ఏం పోయిందయ్యా?" అన్నాను.

"అన్న," అన్నాడు మా ఆయన నోట్లో గుడ్డ కుక్కుకుంటూ. పెళ్ళయిన నాటి నుంచి ఆ ప్రశ్నకు అదొక్కటే జవాబు.

"అమ్మాయ్, మనసు ఎక్కడో పెట్టి కత్తి ఆడించకు. వేలు తెగుద్ది," అని లోపలి గదిలోంచి మా నాన్న గొంతు వినబడింది.

మా నాన్నకు ఎనిమిదేళ్ళు. పేరు కల్లుక్. నేనే కన్నాను. దాన్ని నాన్నా అని పిలిచేది ముద్దుకి కాదు. మా నాన్న చనిపోయిన నెలలోనే ఈ పిల్ల పుట్టింది, ఆయన పేరే పెట్టాం. మా వాళ్ళలో పేరు ఒంటరిగా రాదు, పేరుతోపాటు మనిషీ వస్తాడు. అందుకని అది నాకు నాన్నే. మా అమ్మ దాన్ని చూస్తే చాలు, ముందు టీ ఇచ్చి, తర్వాత నలభై ఏళ్ళ నాటి తగువేదో బయటకు తీస్తుంది. దాన్ని తిట్టకూడదు. కన్నతండ్రిని ఎవరు తిడతారు? ఈ సౌకర్యం దానికి నాలుగో ఏటే అర్థమైపోయింది.

ఇలా ఒకే పేరు మోసేవాళ్ళను మా భాషలో సౌనిక్ అంటాం. ఎముక అని అర్థం. నా కడుపులో ఉన్నదానికి మాత్రం ఎముక ఇంకా కుదరలేదు. ఆ ఏడు మా వాళ్ళలో ఎవరూ పోలేదు. మా అత్త సియాసి అదేదో ఇంటికి లోటైనట్టు చెప్పుకునేది. "పేరింకా రాలేదమ్మా," అనేది అడిగినవాళ్ళతో, ఆలస్యమైన ఓడ గురించి చెప్పినట్టు.

*

జూన్ చివర్లో మార్గిట్ వచ్చింది. దక్షిణం నుంచి ఏటా వచ్చే పిల్ల. మంచు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరికి పడవలో సగం రోజు దూరంలో ఉన్న కొండ మీద అక్పా పక్షులు గుడ్లు పెడతాయి, వాటిని చూడడానికి వస్తుంది. చూడడమంటే ఊరికే చూడడం కాదు. కర్రకు కట్టిన ఉచ్చుతో పక్షిని పట్టి, రెక్క కింద నరంలోంచి చుక్క రక్తం తీసి, ఈక కొస కత్తిరించి వదిలేస్తుంది. ఆ చుక్కలోంచి పక్షి ఏం తిని బతుకుతోందో తెలుస్తుందట. వెనకటి వాళ్ళయితే పక్షిని చంపి పొట్ట కోసి చూసేవారు. ఈమె చంపకుండా అడుగుతుంది.

కొండకు వెళ్ళేముందు బడి హాల్లో ఊరివాళ్ళకు తన పని గురించి చెప్పాలి. ఆమె మాట మా మాటలోకి మార్చాల్సింది నేను. దక్షిణాన మూడేళ్ళు కాలేజీలో చదివి వచ్చిన ఇల్లాలిని. ఆ చదువు మామూలు రోజుల్లో డబ్బాల మీద అక్షరాలు చదవడానికి పనికొచ్చేది.

"ప్రాణమున్న ప్రతిదాని ఒంట్లోనూ నైట్రోజన్ ఉంటుంది," అంది మార్గిట్. "అది రెండు రకాలు. రెంటి పేరూ ఒకటే, గుణమూ ఒకటే. ఒకటి మాత్రం కాస్త బరువు. పురుగును చేప తింటే, చేపను పక్షి తింటే, పక్షిని ఎలుగు తింటే, మెట్టు మెట్టుకీ ఆ బరువైనది ఒంట్లో పెరుగుతూ పోతుంది. దాన్ని కొలిస్తే పక్షి తిన్నది ఏ మెట్టు మీది తిండో తెలుస్తుంది. వీటిని ఐసోటోపులంటారు."

అని ఆగి నా వంక చూసింది.

కాలేజీలో ఐసోటోపుల పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. కానీ అక్కడెవరూ వాటిని సీలు వేటగాళ్ళకు చెప్పమని అడగలేదు. మా భాషలో ఆ ముక్కకు మాట లేదు. హాలంతా ఎదురు చూస్తోంది.

"ఇవి సౌనిక్‌లు," అన్నాను. "ఒకే పేరు, వేరే బరువు."

హాల్లో తలలు ఊగాయి. అంత తేలిగ్గా అర్థమైపోతుందని మార్గిట్ అనుకోలేదు, మురిసిపోయింది. నుటారాక్ తాత చెయ్యెత్తాడు. "ఆ బరువైనవాడు ఎవరు పోయాక పుట్టాడమ్మా?"

"ఏమంటున్నారు?" అంది మార్గిట్.

"వివరాలు అడుగుతున్నారు," అన్నాను.

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ బావగారు గట్టిగా నవ్వాడు. "ఈ పిల్ల రక్తం చూసి పక్షి తాత పేరు చెబుతుందటరోయ్. నా రక్తం చూస్తే ఏం కనపడుతుందో."

"ఏముందిరా, మీ తమ్ముడి పన్ను కనపడుతుంది," అన్నాడు నుటారాక్ తాత.

హాలు హాలంతా పడీపడీ నవ్వింది. బావగారు నవ్వలేదు. మా ఆయన తల వంచుకుని బూట్ల తాళ్ళు చూసుకున్నాడు. ఈ నవ్వుకు రేపు ఎవరు లెక్క చెప్పుకోవాలో ఆయనకు తెలుసు.

నవ్వులు తగ్గాక మార్గిట్ అసలు సంగతికి వచ్చింది. రెండేళ్ళ కిందట సముద్రం మీద మంచు త్వరగా పోయింది. ఆ ఏడు కొన్ని పక్షుల రక్తం మామూలు కన్నా బరువు చూపించింది.

"పెద్ద చేపలు దొరికాయేమో అనుకున్నాను," అంది. "కాదు. వాటికి చేపే దొరకలేదు. తిండి లేనప్పుడు ఒళ్ళు తన కండను తనే తింటుంది. తనను తాను తిన్నా బరువే పెరుగుతుంది. పైకి చూస్తే బాగా తిన్న పక్షికీ, ఆకలితో మాడే పక్షికీ తేడా తెలియదు."

ఇది నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో బూట్లకని సీలు చర్మం నములుతూ మెత్తబరుస్తున్న మా అత్త నమలడం ఆపేసింది.

*

కొండ మీద తెల్ల ఎలుగులు రాకుండా కాపలా బావగారిది, పడవ మా ఆయనది, వంట నాది. తులిమాక్‌ను మించిన గురికాడు ఊళ్ళో లేడు కాబట్టి కాపలాకు ఆయన్నే పెట్టారు. నాన్నను అత్త దగ్గర వదిలి వెళ్ళాను. ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు.

అక్పా గూడు కట్టదు. రాతి అంచు మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి, పాదాల మీద పెట్టుకుని నిలబడుతుంది. లక్ష పక్షులు భుజం భుజం రాసుకుంటూ, పక్కదాన్ని ముక్కుతో పొడుస్తూ, రెట్టలేస్తూ, అరుస్తూ ఉంటాయి. దగ్గర నిలబడితే మన మాట మనకు వినపడదు. గల్ అనే పెద్ద సముద్రపు పక్షులు అంచు వెంబడి తిరుగుతూ ఉంటాయి. తల్లి ఒక్క అడుగు జరిగితే చాలు, పిల్లను కాలు పట్టి లాగి, తల వైపు నుంచి బతికుండగానే మింగేస్తాయి. గొంతులో పిల్ల ఇంకా కదులుతుంటే రెండోదాని కోసం చూస్తాయి. పొద్దున్నే టీ తాగుతూ నేను చూసేది అది. కొన్నాళ్ళకు టీ బాగానే దిగేది.

ఆ వేసవిలోనూ మంచు ముందే పోయింది. సీళ్ళను పట్టడానికి మంచు లేక ఎలుగులు ఒడ్డెక్కాయి. మేం దిగిన మొదటి వారంలోనే ఒకటి కొండ అంచుల మీద నడుస్తూ, వరసగా గుడ్లు నాక్కుంటూ పోవడం చూశాం. అది నడిచిన మేరా పక్షులు గుంపుగా కిందకు దూకేవి. ఆ తొక్కిసలాటలో మిగిలిన గుడ్లు రాళ్ళలా రాలేవి. కింద సముద్రం పచ్చసొనతో జిడ్డుగా ఉండేది.

బావగారికి కాపలా మీద విసుగొచ్చింది. తుపాకీ గుడిసె దగ్గర వదిలేసి, తాడు కట్టుకుని గుడ్ల కోసం దిగిపోయేవాడు. పచ్చి గుడ్లు అక్కడికక్కడే పగలగొట్టుకుని తాగేవాడు. మా ఆయన తాడు పట్టుకునేవాడు. అలా దిగిన ప్రతిసారీ కాపలా లేనట్టే.

ఆ రోజు మార్గిట్ అంచు దగ్గర పక్షిని పట్టుకుని కూర్చుంది. నేను ఆమె పక్కన సీసాల పెట్టె పట్టుకున్నాను. బావగారు తాడు నడుముకు చుట్టుకుంటున్నాడు.

"అన్నా," అన్నాడు మా ఆయన మెల్లిగా. "ఈ పూటకు తుపాకీ దగ్గరే ఉండవా? పొద్దున పడవ దగ్గర జాడలు చూశాను. కొత్తవి."

ఆయన జీవితంలో అన్నకు ఇచ్చిన సలహా అదొక్కటే. అదీ ఇద్దరు ఆడవాళ్ళ ముందు.

బావగారు తాడు విప్పాడు. తుపాకీ తీసి గుడిసె గోడకు ఆనించాడు, చేతులు ఖాళీగా ఉండాలి కదా. తర్వాత తమ్ముణ్ణి పట్టుకున్నాడు. "నాకు చెప్పేంత మొనగాడివయ్యావురా?" మొదటి దెబ్బకు ముక్కు పగిలింది. మెడ పట్టుకుని రాళ్ళ మీద వంచి, పిడికిలితో వీపు మీద, తల మీద గుద్దుతూనే ఉన్నాడు. మా ఆయన చేతులు అడ్డం కూడా పెట్టుకోలేదు. నేను అరుస్తున్నాను. లక్ష పక్షుల మధ్య నా అరుపు ఎవరికి కావాలి?

ఎలుగు అంచు కింద నుంచి ఎక్కి వచ్చింది. మూతికి పచ్చసొన ఉంది. తుంటి ఎముకలు చర్మాన్ని పొడుచుకుని కనపడుతున్నాయి. అది పరుగెత్తలేదు, నడిచి వచ్చింది, మేం తన కోసమే ఉన్నట్టు. అన్నదమ్ములిద్దరికీ మూరెడు దూరంలోకి వచ్చాక బావగారు తల తిప్పి చూశాడు.

తమ్ముడి మెడ మీది చెయ్యి అలాగే వెళ్ళి దాని ముక్కు మీద గుద్దింది. "నాకు చెప్పేంత మొనగాడివయ్యావురా?" అన్నాడు దాంతో కూడా.

రెండు మూడు దెబ్బలు వేసి ఉంటాడు. ఎలుగు ఒకటే వేసింది. తర్వాత తల నోట్లోకి తీసుకుంది. ఆ చప్పుడు మాత్రం పక్షుల రొదలోనూ వినపడింది.

మా ఆయన పాక్కుంటూ వెళ్ళి తుపాకీ అందుకున్నాడు. కళ్ళలోకి కారే నెత్తురు తుడుచుకుంటూ కాల్చాడు. మొదటిది రాతికి తగిలింది. రెండోది భుజానికి. మూడోది పడ్డాక ఎలుగు మా బావగారి మీదే కూలబడింది. ఇద్దరం కలిసి దాన్ని పక్కకు దొర్లించేసరికి చేసేదేం మిగల్లేదు. అత్తకు ఆ ముఖం కనపడకూడదని నా శాలువాతో తలంతా చుట్టి కట్టేశాను.

మార్గిట్ అంతసేపూ ఆ పక్షిని వదల్లేదు. అది ఆమె మణికట్టును పొడిచి పొడిచి చీరేసింది. నేను వేళ్ళు విడదీస్తే ఎగిరిపోయింది. ఆమె పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. తర్వాత నింపిన రక్తపు సీసా మీద తేదీ రాసి పెట్టెలో పెట్టింది. చెయ్యి తనకు తెలిసిన పని తను చేసుకుపోతుంది. నేనూ అంతే, ఆ సాయంత్రం ఎలుగు చర్మం ఒలిచాను. పొట్టలో గుడ్డు పెంకులు, సముద్రపు నాచు తప్ప ఇంకేం లేవు. కొవ్వన్నది వేలెడు లేదు.

*

"తమ్ముడి కోసం ప్రాణమిచ్చాడు," అంది ఊరు. చర్చిలో పాదిరీ అదే అన్నాడు. మా ఆయన వాచిన ముఖంతో ముందు వరసలో కూర్చుని తల ఊపాడు. ఆ దెబ్బలూ ఎలుగువే అనుకున్నారు.

"నిజంగా నీ కోసమే పోయాడా?" అని ఇంటికొచ్చాక అడిగాను.

"తెలీదు మియాలియా," అన్నాడు. "నా మెడ మీదున్న చెయ్యే దాని మీదకి పోయింది. ఆపడం తెలీక పోయిందో, నా కోసమే పోయిందో నాకు తెలీదు."

ఊరికి ఆ సందేహం లేదు. ఊరంతా నా కడుపు వంక చూడడం మొదలుపెట్టింది. దుకాణంలో ఎదురైన ముసలమ్మ నా పొట్ట మీద చెయ్యేసి, "బాగున్నావా తులిమాక్?" అని పలకరించింది. ఆయనతో వేటకు తిరిగిన ఒకడు వంగి, "నా పడవ పానా నీ దగ్గరే ఉండిపోయింది, తొందరేం లేదులే," అన్నాడు పొట్టతో. నేను బియ్యం బస్తాను అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చాను.

అత్త కొత్త చర్మంతో చంటిబిడ్డ బూట్లు కుడుతోంది.

"పేరు వచ్చింది," అంది తలెత్తకుండా.

"నేను పెట్టను అత్తా."

సూది ఆగింది.

"ఆయన్ను బావగారూ అని పిలుస్తూ నేను పాలివ్వలేను. నీ చిన్నకొడుకు ఆ ఉయ్యాల పక్క నుంచి నడవాలంటే భయపడతాడు. బతికినన్నాళ్ళూ తన్నాడు. చచ్చి కూడా మా ఇంటికే రావాలా?"

అత్త లేచి నా చెంప మీద కొట్టింది. గట్టి చెయ్యి. ఆ ఇంటి చెయ్యి. నేను గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను.

"సియాసీ," అంది గుమ్మంలోంచి మా నాన్న. ఎనిమిదేళ్ళ మనిషి, ఒక చేతిలో బిస్కెట్టు. "నా కూతుర్ని నా కళ్ళముందే కొడతావా? అదీ వట్టి మనిషి కాదని తెలిసి?"

అత్త ముఖం పాలిపోయింది. ఎంత కోపమైనా వియ్యంకుడి ముందు చెయ్యి చేసుకోవడం మా వాళ్ళలో లేదు. "తప్పయిపోయింది అన్నయ్యా," అంది. "కొడుకు పోయిన దుఃఖంలో ఉన్నాను."

"ఉంటే ఏడువు. కొట్టకు," అంది నాన్న, బిస్కెట్టు కొరికి వెళ్ళిపోయింది.

అత్త కింద కూర్చుని నిజంగానే ఏడ్చింది. నేను టీ పెట్టి ఇచ్చాను. చెంప మండుతూనే ఉంది, అయినా చక్కెర సరిగ్గానే వేశాను. తాగాక మాట్లాడింది.

"వాడికి ఏడేళ్ళప్పుడు సర్కారు ఓడొచ్చి ఎక్కడో దూరాన ఉన్న బడికని ఎక్కించుకుపోయింది. పిల్లలందర్నీ ఎక్కించారు. ఉలాయుక్ నాటికి మనూళ్ళోనే బడి పెట్టారు, వీడు నా దగ్గరే పెరిగాడు. వాడు మటుకు తిరిగొచ్చేసరికి నా భుజం దాకా ఎదిగాడు. తల నిమురుదామని చెయ్యెత్తాను. రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు." కప్పు అడుగున చూసింది. "అక్కడ వాడికి ఏం పెట్టారో, ఎంత పెట్టారో నేను చూడలేదు. ఆ పిల్ల చెప్పింది కదా హాల్లో, తిండి లేనిది తనను తాను తింటుందని, పైకి బలిసినట్టే ఉంటుందని. నేను వాడి గురించే విన్నాను."

"అది పక్షుల సంగతి అత్తా."

"ఒకే పేరు, వేరే బరువని చెప్పింది నువ్వే. ఏం తిన్నాడన్నదాన్ని బట్టి బరువని చెప్పింది నువ్వే."

"మాట దొరక్క అన్నాను."

"దొరికిన మాటే కదా," అంది అత్త. "పేరు నా కొడుకుది. పెట్టేది నువ్వు. ఈసారి ఏ ఓడా రాదు."

నేను సరేననలేదు. కప్పులు తీసి కడిగాను.

*

కాన్పుకు దక్షిణానికి తీసుకెళ్ళే విమానం రావలసిన నాటికి మంచు తుఫాను పట్టుకుంది. నొప్పులు దాని కోసం ఆగలేదు. ఊరి నర్సు, అత్త నా దగ్గర కూర్చున్నారు. పొద్దున మొదలైంది మధ్యాహ్నం దాటినా బిడ్డ కదలడు. ఒళ్ళు చీలిపోతోంది. నర్సు ముఖంలో రంగు పోవడం నాకు కనపడుతూనే ఉంది. నెత్తురు ఆగడం లేదు.

బిడ్డ రానప్పుడు మా ముసలమ్మలు పేర్లు పిలుస్తారు. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే. సరైన పేరు పడ్డప్పుడు బిడ్డ బయటకొస్తుంది. నేను అత్త నోటి వంక చూస్తున్నాను. ఆమె పిలవలేదు. నా మోకాళ్ళ మధ్య కూర్చుని, పళ్ళు బిగించి, నా వంక చూస్తోంది. ఆమె కొడుకు ఆ గడప దగ్గరే ఆగిపోయి ఉన్నాడు, పిలిస్తే వస్తాడని ఆమె నమ్మకం. అయినా ఆ పిలుపు నాకే వదిలేసింది.

"వస్తే రండి బావగారూ," అన్నాను ఓపిక నశించి. "తిండికి లోటుండదు."

వచ్చాడు. నర్సు అది తనిచ్చిన మందు ప్రభావమంది. అత్త వాణ్ణి తుడుస్తూ చెవిలో ఏదో చెప్పింది. బిడ్డను అందుకున్నవాళ్ళు మొదట ఏం చెబితే అదవుతాడంటారు. మామూలుగా గొప్ప వేటగాడివి కమ్మని చెబుతారు. ఆమె ఏం చెప్పిందో నేను అడగలేదు. బావగారు మాత్రం వస్తూనే నా చేతి నిండా ఉచ్చ పోశారు.

మా ఆయన బిడ్డను చూశాడు. ఎత్తుకోలేదు. వారాలు గడిచినా వాణ్ణి ఏమనీ పిలవలేదు. "ఇదిగో, ఏడుస్తున్నాడు" అనేవాడు. "వాడు లేచాడు" అనేవాడు. ఉయ్యాల ఉన్న వైపు కాకుండా బల్ల చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చి తులిమాక్, తులిమాక్ అని ముద్దు చేస్తుంటే వేట సామాను సర్దుకుంటూ నిలబడేవాడు.

సముద్రం గడ్డకట్టాక ఒక రోజు వాణ్ణి నా కోటు వెనక సంచిలా ఉండే పెద్ద టోపీలో వీపు మీద వేసుకుని చేప కోస్తున్నాను. వాడు నా జడ దొరకబుచ్చుకున్నాడు. చంటిపిల్లల పట్టు తెలిసిందే. రెండు చేతులా పట్టుకుని వెనక్కి గుంజుతూ, కాళ్ళతో తన్నుతూ, కోపంతో ఎర్రబడి అరుస్తున్నాడు. నా తల వెనక్కి వాలిపోయింది. చేతిలో కత్తి, వేళ్ళ నిండా చేప జిగురు.

మా ఆయన అప్పుడే బయటి నుంచి వచ్చాడు. చేతి తొడుగులు తీశాడు. గుమ్మం దగ్గరే కాసేపు ఉండిపోయాడు. తర్వాత బల్ల చుట్టూ తిరగకుండా తిన్నగా నడిచి వచ్చాడు.

"అన్నా," అన్నాడు.

వాడు ఇంకా గట్టిగా గుంజాడు.

"చాలన్నా. ఇక వదిలెయ్." గొంతు పెంచలేదు. వాడి పిడికిలి పట్టుకుని ఒక్కో వేలూ విప్పాడు. "చాలంటున్నా కదా. నా పెళ్ళాం."

ఆ చెయ్యి విడిపడి గాల్లో ఒకటి రెండుసార్లు ఊగి ఆయన దవడకు తగిలింది. ఆయన వెనక్కి జరగలేదు. వాణ్ణి టోపీలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ మధ్య చిక్కుకున్న నా వెంట్రుకలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాడు.